జవాబు రాని ఉత్తరం: వకీలు అంబేద్కర్, సేవా సంస్థలు

ఉద్దానంలో కవిటి నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఎస్సీ వాడల్లో కనిపించే విగ్రహం దాదాపు ఒకటే. నీలం కోటు, చంకలో పుస్తకం, చాచిన వేలు. ఆ పుస్తకం ఏమిటని అడిగితే చిన్నపిల్లలు కూడా రాజ్యాంగం అంటారు. కోటు సంగతి మాత్రం ఎవరూ అడగరు. రాజ్యాంగం పని మొదలుకావడానికి ఇరవై ఏళ్లకు ముందే బాబాసాహెబ్ కోర్టు మెట్లెక్కిన వకీలు. కూలీల కేసులు వాదించినవాడు, తనమీద వేసిన దావాను తొమ్మిదేళ్లకు పైగా నడిపినవాడు. ఆ వకీలు జీవితాన్ని ఇక్కడ చెప్పుకోవడానికి మాకొక కారణం ఉంది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చింది. సాయానికి ఎన్నో సంస్థలు వచ్చాయి. కిడ్నీ జబ్బు కారణంగా అంతకుముందు నుంచే వస్తున్నవీ ఉన్నాయి. నీళ్లు, మందులు, బియ్యం, కౌన్సెలింగ్ ఇస్తారు. వాటి కార్యకర్తలు వాడలోకి వెళ్లి ఇంటింటి కష్టం రాసుకుంటారు. అలా రాసుకుంటున్నప్పుడు ఒక ఆడమనిషి తనను కులం పేరుతో తిట్టి కొట్టారని చెబితే ఏం చెయ్యాలి? చాలామందికి తెలియదు. కేసులు మా పని కాదంటారు. లేదా పెద్దమనుషుల ముందు రాజీ చేయించి, సమస్య పరిష్కారమైందని నివేదికలో రాస్తారు. సేవ చేసేవాళ్లకు చట్టంతో పనేమిటన్న ఈ ప్రశ్నకు అంబేద్కర్ 1932లోనే కాగితం మీద సమాధానం రాశారు. ఆ సమాధానం ఆయన అనుభవంలోంచి వచ్చింది కాబట్టి అనుభవం నుంచే మొదలుపెడతాం.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన ఆయన, కొలంబియాలో చదివి, లండన్ గ్రేస్ ఇన్‌లో బారిస్టరై, 1923లో బొంబాయి తిరిగొచ్చారు. ప్రాక్టీసు మొదలుపెట్టడానికి కట్టాల్సిన సొమ్ము కూడా చేతిలో లేకపోతే మిత్రుడు నావల్ భథేనా సర్దాడు. బొంబాయి హైకోర్టులో అప్పట్లో పెద్ద కేసులు ముందు సొలిసిటర్ల దగ్గరికి వెళ్లేవి, వాళ్లు తమకు నచ్చిన బారిస్టర్‌కు అప్పగించేవారు. అంటరాని బారిస్టర్‌కు అప్పగించేవాళ్లు ఎంతమంది ఉంటారు? అందుకే జిల్లా కోర్టుల కేసులు, పేదల కేసులు పట్టుకున్నారు. ఇల్లు గడవడానికి ఒక శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పారు. పరేల్‌లోని దామోదర్ హాల్లో ఆయన ఆఫీసు. మిల్లు కార్మికులు, పల్లెల నుంచి వచ్చిన మహర్లు అక్కడికే వచ్చేవారు. ఫీజు ఇచ్చుకోలేనివాళ్లే ఎక్కువ.

1924 జూలైలో బహిష్కృత హితకారిణి సభ పెట్టారు. ఇప్పటి మాటలో చెప్పాలంటే అదీ ఒక సేవా సంస్థే. హాస్టళ్లు, గ్రంథాలయాలు, చదువు బృందాలు దాని కార్యక్రమాలు. 1925లో షోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది. అయితే అణగారిన వర్గాల ఫిర్యాదులను ప్రభుత్వం ముందు పెట్టడం కూడా సభ లక్ష్యాల్లో రాసుకున్నారు. అన్నం పెట్టడం, అర్జీ రాయడం రెండూ ఒకే సంస్థ పనులని ఆయన మొదటి నుంచీ అనుకున్నారన్నమాట.

అసలు పరీక్ష మహాడ్‌లో వచ్చింది. ప్రజాధనంతో కట్టిన నీటి వనరులను అందరికీ తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ చవ్దార్ చెరువును తెరిచినట్టు కాగితం మీద రాసుకుంది. నీళ్లు మాత్రం ఎవరూ ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచి వెళ్లి ఆ నీళ్లు తాగారు. గుడిలో కూడా జొరబడతారన్న పుకారు లేచింది. సభ నుంచి తిరిగి వెళ్తున్నవాళ్లను ఊళ్లోవాళ్లు కొట్టారు. తిరగబడదామన్న యువకులను ఆయన ఆపి, కేసుల దారి పట్టించారు. దాడి చేసినవారిలో కొందరికి అదే ఏడాది జైలుశిక్ష పడింది.

డిసెంబర్‌లో మళ్లీ సత్యాగ్రహానికి సిద్ధమయ్యారు. ఈసారి అవతలివాళ్లు కర్రలకు బదులు దావా పట్టుకొచ్చారు. చెరువు తమ సొంతమనీ, అంటరానివాళ్లను దూరంగా ఉంచడం అనాది ఆచారమనీ వాదించి, తాత్కాలిక నిషేధ ఉత్తర్వు తెచ్చుకున్నారు. డిసెంబర్ 25 నాటికి జనం వచ్చేశారు. జైలుకు వెళ్లడానికీ సిద్ధంగా ఉన్నారు. ఆ రాత్రి మనుస్మృతిని తగలబెట్టారు. చెరువు దగ్గరికి మాత్రం వెళ్లలేదు. ఉత్తర్వును ధిక్కరిస్తే పోరు ప్రభుత్వంతో అవుతుందని, కోర్టులోనే తేల్చుకోవాలని అంబేద్కర్ జనాన్ని ఒప్పించారు. అంత జనాన్ని వెనక్కి తిప్పడం ఎంత కష్టమో ధర్నా నడిపిన ఎవరికైనా తెలుసు.

మధ్యలో ఉత్తర్వు ఎత్తేశారు, కింది కోర్టు దావా కొట్టేసింది, అప్పీలు, మళ్లీ అప్పీలు. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు తేల్చింది: అనాది ఆచారమన్నది రుజువు కాలేదు. తొమ్మిదేళ్ల మూడు నెలలు. కేసు పెట్టగానే న్యాయం జరగలేదని నిరాశపడే మన కార్యకర్తలకు మేం ఈ లెక్క చెబుతూ ఉంటాం.

ఈలోగా ఆయనకు మరో సంగతి అర్థమైంది. దెబ్బల కన్నా వెలి ప్రమాదం. పొలం పని ఇవ్వరు, దుకాణంలో సరుకు అమ్మరు, దారిన నడవనివ్వరు. 1930లో మొదటి రౌండ్ టేబుల్ సమావేశానికి రెట్టమలై శ్రీనివాసన్‌తో కలిసి ఇచ్చిన వినతిపత్రంలో, సాంఘిక బహిష్కరణను నేరం చెయ్యాలని రాశారు. ఏయే పనులు బహిష్కరణ కిందికి వస్తాయో నిర్వచనంతో సహా ఇచ్చారు. దానికి నమూనా 1922 నాటి బర్మా చట్టం. ఎక్కడ పనికొచ్చే నిబంధన ఉందో వెతికి పట్టుకోవడం వకీలు లక్షణం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోకి సాంఘిక, ఆర్థిక బహిష్కరణ సూటిగా నేరంగా వచ్చింది 2015 సవరణతో. ఎనభై అయిదేళ్లు పట్టింది.

ఇక ఆ ఉత్తరం. పూనా ఒప్పందం తర్వాత, 1932 సెప్టెంబర్ నెలాఖరులో అంటరానితన నిర్మూలనకు ఒక అఖిల భారత సంస్థ పుట్టింది. తర్వాత హరిజన సేవక్ సంఘ్ అయ్యింది అదే. అధ్యక్షుడు జి.డి. బిర్లా, కార్యదర్శి ఎ.వి. థక్కర్. మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి ఓడలో వెళ్తూ నవంబర్ 14న అంబేద్కర్ థక్కర్‌కు సుదీర్ఘంగా రాశారు. సంస్థ ఎలా పనిచెయ్యాలన్నదే విషయం.

సేవలో రెండు పద్ధతులు ఉన్నాయని ఆయన వివరించారు. ఒకటి, మనిషి బాధకు మనిషిలోని లోపమే కారణమనుకోవడం. అప్పుడు మద్యపాన నిషేధం, వ్యాయామశాల, గ్రంథాలయం, బడి పెడితే సరిపోతుంది. రెండోది, చుట్టూ ఉన్న పరిస్థితి వల్లే మనిషి కుంగిపోతున్నాడని గుర్తించడం. అంటరానివాళ్ల విషయంలో రెండోదే నిజమని, సంస్థ బలమంతా అక్కడే పెట్టాలని కోరారు. కౌన్సెలింగ్ చేసే మిత్రులు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. కులాంతర వివాహం చేసుకున్న అమ్మాయి అత్తవారింట్లో తనకు వేరే గ్లాసు పెడుతున్నారని చెబితే, ఓర్చుకోమని సర్దిచెప్పడం మొదటి పద్ధతి. అది భార్యాభర్తల తగువు కాదని గుర్తించడం రెండోది.

మొదట పౌరహక్కుల పోరాటం చెయ్యమన్నారు: ఊరి బావి, బడి, చావడి, ప్రయాణ వాహనాలు. అది చేస్తే గొడవలవుతాయి, తలలు పగులుతాయి, క్రిమినల్ కేసులు నడుస్తాయి, పోలీసులు, మేజిస్ట్రేట్లు అవతలి పక్షం వైపు మొగ్గవచ్చు, ఊరు వెలివేస్తుంది. ఇవన్నీ ముందే రాసి, అందుకు తట్టుకునే కార్యకర్తల బలగాన్ని పల్లెల్లో నిలపమన్నారు. తర్వాత ఉద్యోగాల్లో, మిల్లుల్లో సమాన అవకాశం, ఆపైన ఇళ్లలో రాకపోకలు. కార్యకర్తలను వీలైనంతవరకు అణగారిన వర్గాల నుంచే తీసుకోవాలని, జీతానికి పనిచేసేవాళ్లతో ఇది సాగదని కూడా రాశారు. ఉత్తరం అందినట్టు కూడా జవాబు రాలేదని 1945లో వెలువడిన తన పుస్తకంలో నమోదు చేశారు. సంస్థ బడులు, హాస్టళ్లు, ఉపకారవేతనాల దారి పట్టింది. అవి పనికిరానివని మేం అనం, వాటిలో చదువుకున్నవాళ్లు మనలో ఉన్నారు. బావి దగ్గర నిలబడేవాళ్లు మాత్రం కరువయ్యారు.

ఆ ఉత్తరంలో ఆయన అడిగిన కార్యకర్తకు ఇప్పుడు చట్టంలోనే చోటుంది. అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 15ఎ, ఉపసెక్షన్ 12 ప్రకారం స్వచ్ఛంద సంస్థ, సామాజిక కార్యకర్త, న్యాయవాది సాయం తీసుకోవడం బాధితుల హక్కు. అంటే కాశీబుగ్గలోనో టెక్కలిలోనో స్టేషన్‌కు బాధితురాలి వెంట వెళ్లిన కార్యకర్తను నీకేం పనని అడిగితే, చూపించడానికి ఒక సెక్షన్ ఉంది. చెప్పింది రాసుకుని, సంతకానికి ముందు చదివి వినిపించాలి, ఎఫ్‌ఐఆర్ కట్టాలి, నకలు ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ కాని అధికారి కావాలని ఈ విధుల్ని నిర్లక్ష్యం చేస్తే సెక్షన్ 4 కింద అది నేరం. దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చెయ్యాలి. నిందితుడి బెయిలు విచారణ జరిగేటప్పుడు బాధితులకు నోటీసు రావాలి, వాళ్ల మాట వినాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. పలాస నుంచి శ్రీకాకుళం కోర్టుకు డెబ్బై కిలోమీటర్ల పైమాటే. జీడి పిక్కల కూలీకి ఒక వాయిదా అంటే ఒకరోజు కూలీ పోయినట్టే. సాక్షులకు, బాధితులకు ప్రయాణ ఖర్చు ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది. అడిగేవాళ్లే తక్కువ.

తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 1935 నుంచి కొంతకాలం బొంబాయి ప్రభుత్వ లా కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేశారు. వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా 1944 సెప్టెంబర్‌లో ఆంధ్ర ప్రాంతంలో తిరిగారు. తొలి న్యాయమంత్రి అయ్యారు. అంటరానితనాన్ని రద్దుచేసిన 17వ అధికరణం రాజ్యాంగంలో చేరింది, 1955లో దాన్ని అమలుచేసే చట్టం వచ్చింది.

అంతా అయ్యాక కూడా శిక్షణ మీద ఆయనకు బెంగ తీరలేదు. 1956 జూలైలో, ఒళ్లు సహకరించని రోజుల్లో, రాజకీయాల్లోకి రాదలచినవాళ్లకు బొంబాయిలో ఒక శిక్షణ పాఠశాల తెరిపించారు. మొదటి తరగతిలో పట్టుమని ఇరవైమంది కూడా లేరు. ఆ డిసెంబర్ 6న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు.