దేహ సాధకుడు జోసెఫ్ పిలాటీస్

పరీక్షలలో రాణించవలెనని రాత్రింబవళ్ళు పుస్తకాలపై వంగి కూర్చునే విద్యార్థి, ఆ వంగిన వెన్నును గురించి ఆలోచించడం అరుదు. వెన్ను నిటారుగా నిలవడం, ఊపిరి నిండుగా ఆడడం, ప్రతి కదలికా మనస్సు అదుపులో ఉండడం అనే ఈ మూడింటి కొరకు ఒక జీవితమంతా వెచ్చించిన మహాసాధకుడు జోసెఫ్ పిలాటీస్. నేడు పెద్ద నగరాల వ్యాయామశాలల బోర్డులపై ఆయన ఇంటిపేరు కనిపిస్తున్నది. కాని అది ఒక మనిషి పేరని ఎరిగినవారు తక్కువ. అందుచేత ఆయన జీవితాన్ని సంగ్రహంగా విద్యార్థి లోకం ముందు ఉంచదలచాము.

జోసెఫ్ పిలాటీస్ 1883 డిసెంబరు 9న జర్మనీలోని మ్యోన్‌షెన్‌గ్లాడ్‌బాహ్ పట్టణంలో జన్మించారు. తండ్రి లోహపు పని చేసేవాడు; వ్యాయామమంటే మక్కువ గలవాడు. కుమారుడు మాత్రం పుట్టు రోగి. ఉబ్బసం, రికెట్స్ అనే ఎముకల వ్యాధి, కీళ్ళవాత జ్వరం ఆ పసివాణ్ణి పీడించాయి. బలహీనుడని ఇతరులు జాలిపడే వయస్సులోనే ఆయన తన దేహాన్ని తానే చక్కదిద్దుకోవాలని సంకల్పించారు. శరీర నిర్మాణాన్ని శ్రద్ధగా పరిశీలించారు. జిమ్నాస్టిక్స్, ముష్టియుద్ధం అభ్యసించారు. యౌవనం వచ్చేసరికి రోగి స్థానంలో ఒక దృఢకాయుడు నిలిచాడు.

మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆయన ఇంగ్లండు చేరారు. 1914లో యుద్ధం ఆరంభం కాగానే శత్రుదేశపు పౌరుడన్న కారణంతో ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది. మొదట లాంకాస్టర్‌లోను, తరువాత ఐల్ ఆఫ్ మాన్ ద్వీపంలోని నాకేలో శిబిరంలోను ఆయన బందీగా గడిపారు. ఇరవై వేలకు పైగా మనుషులు ముళ్ళకంచెల నడుమ పని లేక, ఆశ లేక కుంగిపోతున్న చోటు అది. అక్కడ పిలాటీస్ తోటి బందీలకు నేలమీదనే వ్యాయామం నేర్పసాగారు. మంచం పట్టినవారి కొరకు మంచాలకు స్ప్రింగులు బిగించి, పడుకొనే కాళ్ళూ చేతులూ ఆడించే ఉపాయం కల్పించారని ఆయన జీవితకథలో చెబుతారు. స్వేచ్ఛ లేని చోట దేహం మీదనైనా స్వాధీనం సంపాదించడమే ఆ సాధన ఆంతర్యమని మేము భావిస్తున్నాము.

యుద్ధానంతరం కొంతకాలం జర్మనీలో గడిపి, 1926లో ఆయన అమెరికాకు ఓడ ఎక్కారు. జీవిత సహచరి క్లారా ఆ ప్రయాణంలోనే పరిచయమైంది. ఇరువురూ న్యూయార్కులోని ఎయిత్ అవెన్యూలో వ్యాయామశాల నెలకొల్పారు. తన పద్ధతికి ఆయన పెట్టిన పేరు కంట్రాలజీ, అనగా అదుపు శాస్త్రం. స్ప్రింగుల మీద ముందుకూ వెనుకకూ జారే బల్ల వంటి యంత్రం, రిఫార్మర్, ఆయన సృష్టియే. స్ప్రింగులను పెంచి తగ్గించి, బలవంతునికీ దుర్బలునికీ ఎవరి శక్తికి తగిన భారం వారికి కల్పించవచ్చును. జార్జి బాలంచిన్, మార్తా గ్రాహం వంటి నృత్యాచార్యులు గాయపడిన తమ శిష్యులను ఆయన వద్దకు పంపేవారు. 1945లో వెలువడిన ఆయన గ్రంథంలో చాప మీద చేయదగిన 34 వ్యాయామాలు కలవు.

ఆయన బోధనలోని విశిష్టత యంత్రాలలో కాదు, చూపులో ఉన్నది. ఒక్కొక్క శిష్యుని నడక, భుజాల వాలు, ఊపిరి తీరు పరిశీలించి ఎవరికి వేరుగా వారికి పాఠం నిర్ణయించేవారు. నేడు మనం వ్యక్తిగత శిక్షణ అని పిలిచేది ఇదే కదా! అయితే ఊపిరి విలువను అంతగా బోధించిన ఆ గురువు స్వయంగా చుట్టలు కాల్చేవారు. ఈ లోపాన్ని దాచి ఆయనను దేవుణ్ణి చేయడం మా ఉద్దేశం కాదు.

తన పద్ధతిని పాఠశాలలు, వైద్యులు విరివిగా స్వీకరించాలని ఆయన ఆశించారు. ఆ ఆశ తీరకుండానే 1967 అక్టోబరు 9న కన్నుమూశారు. 1977లో తాను మరణించే వరకు క్లారా, ఆ పిమ్మట శిష్యులు ఆ విద్యను నిలిపారు. తరువాత ఆ పేరు ఎవరి సొత్తు అన్న వివాదం న్యాయస్థానానికెక్కింది. యోగ, కరాటేల వలె పిలాటీస్ కూడా ఒక వ్యాయామ పద్ధతి పేరే గాని ఒకరి వ్యాపార చిహ్నం కాదని 2000లో న్యూయార్కు ఫెడరల్ కోర్టు తీర్పు ఇచ్చింది.

నేటి వ్యాయామ శిక్షకులు పలువురు బరువులెత్తించే శిక్షణతో పిలాటీస్‌ను మేళవిస్తున్నారు. ఇందులో ఔచిత్యం ఉన్నది. బరువులు కండలకు సత్తువ నిస్తాయి. పిలాటీస్ పొట్ట, నడుము, వెన్ను చుట్టూ ఉన్న లోకండరాలను మేల్కొలిపి, ఆ సత్తువకు పునాది వేస్తుంది. పునాది లేని గోడ ఎత్తు పెరిగిన కొద్దీ ప్రమాదమే. అట్లే పిలాటీస్ ఒక్కటే చాలుననడం కూడా సరికాదు. గుండెకు నడక, పరుగు వంటి శ్రమ కావాలి. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గల వ్యాయామం, రెండు రోజులు కండరాలను బలపరచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఎవరికి ఏది ఎంత అన్నది తేల్చడమే శిక్షకుని వివేకం.

విచారకరమైన విషయమేమనగా, బందిఖానాలో రూపు దిద్దుకున్న ఈ విద్య నేడు అనేక చోట్ల ధనవంతుల విలాసమైనది. యంత్రాలు ఖరీదైనవి, వ్యక్తిగత శిక్షకుని రుసుము సామాన్యునికి అందదు. కాని చాప మీది వ్యాయామాలకు కావలసినది ఒక చాప, నేర్పే గురువు, మనస్సు. మన పూర్వుల తాలింఖానాలలో ఉస్తాదు ఒక్కొక్క కుర్రవాణ్ణి గమనించి కసరత్తు దిద్దినట్లే, కళాశాలలో చిన్న చిన్న జట్లుగా ఈ శిక్షణ ఏర్పరచడం అసాధ్యం కాదు. కళాశాల పాలకవర్గం ఈ విషయం ఆలోచించవలెనని, విద్యార్థినీ విద్యార్థులు రోజుకు కొన్ని నిమిషాలైనా తమ వెన్నుకు, తమ ఊపిరికి కేటాయించవలెనని కోరుచున్నాము. ముళ్ళకంచెల వెనుక సాధ్యమైనది స్వేచ్ఛగా మసలే మనకు సాధ్యం కాకపోదు.