నిఘంటుకర్త నెబ్రిహా

పరభాషా సౌధంలో ప్రవేశించదలచిన వానికి ద్విభాషా నిఘంటువు సింహద్వారం వంటిది. తెలుగులో నిఘంటువనీ, ఉర్దూలో లుగత్ అనీ మనం పిలిచే ఆ గ్రంథాన్ని తెరవని విద్యార్థి ఉండడు. కాని దానిని కూర్చిన వాని శ్రమను తలచే విద్యార్థి అరుదు. స్పానిష్ భాషకు ఘనమైన నిఘంటువులను సమకూర్చిన ఆంటోనియో దె నెబ్రిహా జీవితం అట్లు తలచదగినది.

1440 దశకంలో, సెవిల్ నగర సమీపాన ఉన్న లెబ్రిహా అనే ఊరిలో ఆయన జన్మించాడు. జన్మస్థలమే ఆయనకు ఇంటిపేరై నిలిచింది. సలమాంకాలో చదువుకొని, ఉన్నత విద్యకై ఇటలీలోని బొలోన్యా చేరాడు. 1470 ప్రాంతాన స్వదేశానికి మరలివచ్చి, కొంతకాలానికి సలమాంకా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. స్పెయిన్‌లో లాటిన్ బోధన హీనస్థితిలో ఉన్నదని చింతించి, 1481లో ఒక లాటిన్ వ్యాకరణాన్ని ప్రకటించాడు. పిదప హువాన్ దె సూన్యిగా అనే ప్రభువు ఆశ్రయం లభించగా, అధ్యాపకత్వం విడిచి గ్రంథరచనకే అంకితమయ్యాడు.

ఆ తపస్సు 1492లో ఫలించింది. ఆ ఏడే కాస్టిలియన్ వ్యాకరణమూ, లాటిన్-స్పానిష్ నిఘంటువూ వెలువడ్డాయి. 1495 ప్రాంతాన స్పానిష్-లాటిన్ నిఘంటువు వచ్చింది. ఈ రెండవది మొదటిదానిని తలక్రిందులు చేసి వ్రాసినది కాదు. జనుల నోట పలికే మాటలను ప్రత్యేకంగా ఏర్చి కూర్చినది. కొలంబస్ యాత్రతో అమెరికా నుండి వచ్చిన ‘కనోవా’, అనగా దోనె, అన్న పదానికి సైతం అందులో చోటు దక్కింది.

నిఘంటువుకు రెండు దిక్కులుండడంలో మనకొక పాఠమున్నది. మన ‘తెలుసు’ అన్న మాటకు స్పానిష్‌లో ఒక్క పదం చాలదు. విషయం తెలియడం ‘సబేర్’, మనిషి తెలియడం ‘కొనొసేర్’. మొదట కనిపించిన అర్థాన్ని పట్టుకొని పరుగెత్తేవాడు తప్పులో కాలు వేస్తాడు. దొరికిన పదాన్ని రెండవ భాగంలో మరల వెదకి, అక్కడి అర్థాలను సరిచూసి, ప్రయోగాన్ని చదివిన పిదపనే వాడుకోవాలి.

పండితునికి కష్టాలూ తప్పలేదు. బైబిల్ పాఠాన్ని భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించినందుకు మతవిచారణాధికారి డియేగో దె దేసా ఆయన వ్రాతప్రతులను స్వాధీనం చేసుకున్నాడు. నెబ్రిహా తన పరిశోధనను సమర్థించుకొంటూ గ్రంథమే వ్రాశాడు. అటుపై కార్డినల్ సిస్నేరోస్ చేపట్టిన బహుభాషా బైబిల్ కార్యంలో చేరి, లాటిన్ పాఠాన్ని మూలభాషలతో పోల్చి దిద్దాలని పట్టుబట్టాడు. అందుకు సమ్మతి దొరకక తప్పుకున్నాడు. 1513లో సలమాంకా ఆచార్యపీఠం చేజారగా, సిస్నేరోసే ఆయనను ఆల్కలాకు ఆహ్వానించాడు. 1522లో అక్కడనే కన్నుమూశాడు.

ఆయన కూర్చిన పదపట్టికకు మరొక చరిత్ర ఉన్నది. 1492లోనే గ్రనడా ముస్లిం రాజ్యం పతనమైంది. జితులైన ముస్లింలకు క్రైస్తవం బోధించే మతాచార్యుల కొరకు పేద్రో దె ఆల్కలా 1505లో స్పానిష్-అరబ్బీ పదకోశం ప్రకటించాడు. అందుకు ఆధారం నెబ్రిహా పదపట్టికయే. 1567లో అరబ్బీ వాడుకనే రాజశాసనం నిషేధించింది. ఆ ప్రజల పలుకుబడి అణగిపోయింది. అయినను, గ్రనడా అరబ్బీ ఎట్లుండేదో నేడు తెలుసుకొనడానికి ఆ పదకోశమే ముఖ్యాధారం. జయించిన వారి అవసరానికై పుట్టిన గ్రంథం జితుల మాటలను కాపాడింది!

స్పానిష్ నిఘంటువు తెరచిన మన ఉర్దూ విద్యార్థికి ‘అసెయితూనా’ అన్న మాటలో తానెరిగిన ‘జైతూన్’ కనిపిస్తుంది. నిఘంటువులోని ప్రతి పదం వెనుక ఒక జాతి బ్రతుకున్నది. కనుక విద్యార్థులారా! నిఘంటువును తొందరతో తిరగవేయక, శ్రద్ధతో చదవండి.