ఓడ మునిగింది... టీమ్ తేలింది!

క్యాంపస్ ఇంటర్వ్యూకి వెళ్తే ఒక ప్రశ్న దాదాపు గ్యారంటీ. టీమ్‌లో ఎవరితోనైనా పడకపోతే ఏం చేస్తారు? అని అడుగుతారు. మనం కమ్యూనికేషన్, కోఆర్డినేషన్ అంటూ బట్టీ పట్టిన నాలుగు మాటలు అప్పజెప్పేస్తాం. ఆ మాటలు నిజంగా పనిలో ఎలా ఉంటాయో తెలియాలంటే, వందేళ్ల కిందట చనిపోయిన ఓ నావికుడి కథ వినాలి. పేరు ఎర్నెస్ట్ షాకల్‌టన్. దక్షిణ ధ్రువం చేరాలనుకున్నాడు, చేరలేదు. అంటార్కిటికాని ఈ చివర నుంచి ఆ చివరికి దాటాలనుకున్నాడు, అదీ కుదరలేదు. అయినా లీడర్‌షిప్ పాఠాల్లో ఇప్పటికీ అతని పేరు వస్తూనే ఉంది. ఎందుకో చూద్దాం.

ఒక్క బిస్కెట్

షాకల్‌టన్ 1874లో ఐర్లాండ్‌లో పుట్టాడు. తండ్రి డాక్టర్. కొడుకూ డాక్టరే కావాలన్నది ఆయన కోరిక. కుర్రాడేమో 16 ఏళ్లకే సరకుల ఓడ ఎక్కేశాడు. 1901లో కెప్టెన్ స్కాట్ బృందంతో తొలిసారి అంటార్కిటికా వెళ్లాడు. అక్కడ జబ్బు పడితే మధ్యలోనే ఇంటికి పంపేశారు. ఆ అవమానంతో ఆగిపోకుండా 1907లో సొంత బృందాన్ని కట్టుకుని మళ్లీ బయల్దేరాడు.

1909 జనవరి 9. దక్షిణ ధ్రువం ఇంకా 180 కిలోమీటర్లే. ముందుకెళ్తే చరిత్రలో మొదటి పేరు తనదే. కానీ ఉన్న తిండితో నలుగురూ ప్రాణాలతో తిరిగి రాలేరు. వెనక్కి తిరిగాడు. ఆ తిరుగు దారిలో అందరూ ఆకలితో మాడుతుంటే, తన వంతు బిస్కెట్‌ని నీరసించిపోయిన సహచరుడు ఫ్రాంక్ వైల్డ్ చేతిలో పెట్టాడు. వైల్డ్ ఆ బిస్కెట్‌ని జీవితాంతం మర్చిపోలేదు. ఈ వైల్డ్‌ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

చీపురు అందరి చేతికీ

1914లో ఎండ్యూరెన్స్ అనే ఓడలో షాకల్‌టన్ మళ్లీ దక్షిణానికి వెళ్లాడు. తనతో కలిపి 28 మంది. నావికులు, సైంటిస్టులు, డాక్టర్లు, ఓ ఫొటోగ్రాఫర్, దొంగచాటుగా ఓడ ఎక్కిన ఓ కుర్రాడు. 1915 జనవరిలో ఓడ మంచులో చిక్కుకుంది. నెలల తరబడి కదల్లేదు.

పని లేకుండా ఇరుకుచోట నెలలు గడిపితే ఏమవుతుంది? హాస్టల్ రూమ్ అనుభవం ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. గుంపులు తయారవుతాయి. షాకల్‌టన్ దీన్ని ముందే ఊహించాడు. నేల కడగడం, కుక్కల్ని చూసుకోవడం, రాత్రి కాపలా... ఇలాంటి పనులు హోదాతో పని లేకుండా వంతులవారీగా వేశాడు. సైంటిస్టులూ నేల తుడిచారు. కొందరికి అది నామోషీగా అనిపించింది. అయినా మినహాయింపు దొరకలేదు. సాయంత్రాలు పాటలు, ఆటలు, నాటకాలు. పక్కవాడి పని ఎంత కష్టమో తెలిశాక, వాడి మీద చిరాకు సగం తగ్గుతుంది కదా!

1915 అక్టోబర్ 27న మంచు ఒత్తిడికి ఓడ చితికిపోయి, అందరూ మంచు మీదికి దిగాల్సి వచ్చింది. వెచ్చని బొచ్చు స్లీపింగ్ బ్యాగులు 18 మాత్రమే ఉన్నాయి, మిగతావి ఉన్నివి. లాటరీ వేస్తే ఆశ్చర్యంగా ఉన్నివి షాకల్‌టన్‌కీ ఆఫీసర్లకీ వచ్చాయి, బొచ్చువి మామూలు నావికులకి. లాటరీలో ఏదో మతలబు ఉందని నావికులకి అర్థమైంది. సామాన్లు చాలావరకు వదిలేయమన్నాడు. హస్సీ బాంజోని మాత్రం మోసుకురానిచ్చాడు. ఆ మంచులో పాట కూడా అవసరమని అతనికి తెలుసు.

తలనొప్పి మనిషి ఎక్కడుండాలి?

టెంట్లు పంచేటప్పుడు అతను చేసిన పని చూడండి. ఫొటోగ్రాఫర్ హర్లీకి తన మాట చెల్లాలన్న పట్టుదల ఎక్కువ. భౌతికశాస్త్రవేత్త జేమ్స్‌ని మిగతావాళ్లు ఆటపట్టించేవారు. ఇద్దరినీ తన టెంట్లోకే తెచ్చుకున్నాడు. హర్లీని సలహాలు అడిగేవాడు. అసంతృప్తి వేరే టెంట్లో పెరిగి పెద్దదయ్యే అవకాశం ఇవ్వలేదు.

వడ్రంగి మెక్‌నిష్ ఇంకా కష్టమైన మనిషి. పనిలో దిట్ట, మాట కటువు. అతను ప్రేమగా పెంచుకున్న పిల్లిని, తిండి కొరత వల్ల, షాకల్‌టన్ ఆదేశంతో కాల్చేశారు. ఓడే లేనప్పుడు ఆదేశాలు ఎందుకు వినాలని మంచు మీద ఎదురుతిరిగాడు. షాకల్‌టన్ అందరి ముందూ ఒప్పందం చదివి వినిపించి ఆ తిరుగుబాటుని అణిచాడు.

1916 ఏప్రిల్‌లో మూడు చిన్న పడవల్లో అందరూ ఎలిఫెంట్ ఐలాండ్ అనే నిర్జన దీవికి చేరారు. సాయం కోసం సౌత్ జార్జియా వెళ్లాలి. సుమారు 1,300 కిలోమీటర్ల భయంకర సముద్రం, ఏడు మీటర్ల పడవ. వెంట తీసుకెళ్లిన ఐదుగురిలో మెక్‌నిష్ ఒకడు! పడవని ఆ ప్రయాణానికి తట్టుకునేలా సిద్ధం చేసింది అతనే. వెనక వదిలితే అక్కడ గొడవ పెడతాడన్న అనుమానం కూడా ఉంది. నైపుణ్యాన్ని వాడుకుంటూనే సమస్యని కళ్ల ముందు ఉంచుకున్నాడు.

అప్పగించి వెళ్లాడు

దీవిలో మిగిలిన 22 మంది బాధ్యత ఎవరికి? బిస్కెట్ అందుకున్న వైల్డ్‌కి. రెండు పడవల్ని తిరగేసి, వాటి కింద నాలుగు నెలలు బతికారు. బాస్ ఈరోజే రావచ్చు, సర్దుకోండి అని వైల్డ్ రోజూ చెబుతూనే ఉన్నాడు. షాకల్‌టన్ పడవలో గమ్యం చేరి, మరో ఇద్దరితో కలిసి సౌత్ జార్జియా పర్వతాలు దాటి, తిమింగలాల వేటగాళ్ల స్థావరం చేరాడు. మూడుసార్లు ఓడ తెచ్చినా మంచు అడ్డుపడింది. నాలుగోసారి చిలీ ప్రభుత్వ ఓడ యెల్చోతో, 1916 ఆగస్టు 30న దీవి చేరాడు. 22 మందీ ప్రాణాలతో ఉన్నారు.

అతనూ తప్పు చేశాడు

ఇంతటితో ఆపేస్తే సగం కథే. ఖండం అవతలి వైపు ఆహార నిల్వలు పెట్టడానికి పంపిన మరో బృందంలో ముగ్గురు చనిపోయారు. ఇక పోలార్ మెడల్‌కి పేర్లు పంపేటప్పుడు మెక్‌నిష్‌తో సహా నలుగురిని షాకల్‌టన్ పక్కనపెట్టాడు. ప్రాణాలు కాపాడిన పడవని సిద్ధం చేసిన మనిషికి మెడల్ లేదు. మెక్‌నిష్ 1930లో న్యూజిలాండ్‌లో పేదరికంలో పోయాడు. కష్టంలో పక్కన ఉంచుకున్నవాణ్ని క్రెడిట్ పంచేటప్పుడు మర్చిపోతే, ఆ బంధం అక్కడే తెగిపోతుంది.

అయినా 1921లో షాకల్‌టన్ మళ్లీ బయల్దేరితే, పాత జీతాలు పూర్తిగా అందకపోయినా వైల్డ్‌తో పాటు ఎండ్యూరెన్స్ మనుషులు కొందరు వెంట వచ్చారు. 1922 జనవరి 5న సౌత్ జార్జియాలో గుండెపోటుతో అతను కన్నుమూశాడు. వయసు 47. అప్పులు మిగిలాయి. సమాధి కూడా అక్కడే.

మీ వంతు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో మీరు టీమ్ లీడరా? డాక్యుమెంటేషన్ లాంటి బోరు పనిలో ఒక వంతు మీరూ తీసుకోండి. రివ్యూలో అందరికంటే ఎక్కువ వాదించేవాడిని గ్రూపులోంచి తీసేయకుండా, పక్కన కూర్చోబెట్టుకుని అభిప్రాయం అడగండి. మీరు లేని రోజు పని ఎవరు నడుపుతారో ఇప్పుడే తేల్చుకోండి. స్లైడ్ మీద పేర్లు వేసేటప్పుడు, మీకు నచ్చనివాడి పేరు కూడా వాడి పనికి తగ్గ చోటే ఉందా అని ఒకసారి చూడండి. అప్పుడు ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వస్తే, బట్టీ పట్టిన మాటలు అక్కర్లేదు. మీరు చేసిందే చెప్పొచ్చు.