వేడికి వెరవని ట్రాన్సిస్టర్ – గోర్డన్ టీల్ జీవితం

ట్రాన్సిస్టర్ అనగానే షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్‌ల పేర్లు చెప్పుకుంటాం. 1956లో నోబెల్ బహుమతి పొందినదీ వారే. కాని మన మార్కాపురం, కంభం, గిద్దలూరు ఎండల్లో సైతం యాంప్లిఫయర్ నిలబడి పలుకుతున్నదంటే, అందుకు ముఖ్య కారకులు మరొకరున్నారు. ఈ ప్రత్యేక సంచిక ద్వారా పెన్షనర్ మిత్రులకు వారిని పరిచయం చేయాలని నా కోరిక.

గోర్డన్ టీల్ 1907 జనవరి 10న అమెరికాలోని డల్లాస్‌లో జన్మించారు. రసాయన శాస్త్రం చదివి, 1930లో బెల్ ప్రయోగశాలలో చేరారు. తొలినాటి ట్రాన్సిస్టర్లలో వాడిన జెర్మేనియం ముక్కల్లో ఎన్నో స్ఫటికాలు కలగలిసి ఉండేవి. అందువల్ల ఒకటి పనిచేసినట్లు మరొకటి పనిచేసేది కాదు. ముక్క అంతా ఒకే స్ఫటికంగా ఉండాలని టీల్ పట్టుబట్టారు. పై అధికారులు అంతగా ప్రోత్సహించకపోయినా, 1948లో జాన్ లిటిల్ అనే సహోద్యోగితో కలిసి రాత్రిళ్ళు శ్రమించి సాధించారు. కరిగిన జెర్మేనియంలో చిన్న స్ఫటికాన్ని తాకించి మెల్లగా పైకి లాగడమే ఆ పద్ధతి. దారానికి కలకండ పట్టినట్లన్నమాట.

1953లో సొంత ఊరికి తిరిగివచ్చి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చేరారు. జెర్మేనియం సుమారు 75 డిగ్రీలు దాటితే పని చెడుతుంది. సిలికాన్ ఎక్కువ వేడిని తాళుతుంది గాని, 1,414 డిగ్రీలకు గాని కరగదు. దాన్ని శుద్ధి చేయడమూ కష్టమే. 1954 ఏప్రిల్‌లో టీల్ బృందం సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను తయారుచేసింది. మే 10న డేటన్ నగరంలో జరిగిన ఇంజనీర్ల సభలో ఆయన గ్రామఫోను పెట్టి, యాంప్లిఫయర్‌లోని జెర్మేనియం ట్రాన్సిస్టర్‌ను కాగిన నూనెలో ముంచారు. పాట ఆగిపోయింది. సిలికాన్‌ను ముంచితే పాట సాగుతూనే ఉంది.

ఉద్యోగకాలంలో తీరిక దొరికితే భజన మందిరాల యాంప్లిఫయర్లు బాగుచేసిన నాకు ఈ తేడా అనుభవమే. ట్రాన్సిస్టర్ వేడెక్కితే కరెంటు పెరుగుతుంది, కరెంటు పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది, చివరకు కాలిపోతుంది. ఏసీ128 వంటి జెర్మేనియం రకాలకు ఈ బెడద ఎక్కువ. సిలికాన్ 2ఎన్3055 లోపలి వేడి 200 డిగ్రీల వరకు తాళుతుంది. అయినా దాని 115 వాట్ల లెక్క, పై తొడుగు 25 డిగ్రీలున్నప్పటిది. తొడుగు 75కు చేరితే సుమారు 82 వాట్లే. కనుక మన ప్రాంతంలో అవసరానికి రెట్టింపు శక్తి గలదాన్ని ఎంచుకోవాలి. హీట్ సింక్ పెద్దది పెట్టి, మధ్య అభ్రకపు రేకుకు రెండువైపులా పేస్టు పూయాలి. బయాస్ డయోడును హీట్ సింక్‌కే అంటించి బిగిస్తే, వేడితోపాటు కరెంటు పెరగకుండా అదే అదుపు చేస్తుంది.

టీల్ 1972లో పదవీ విరమణ చేసి, 2003 జనవరి 7న, 96వ పుట్టినరోజుకు మూడు రోజుల ముందు కన్నుమూశారు. శ్రీరామనవమి పందిట్లో మైకు ఆగకుండా పలికినప్పుడు, నోబెల్ అందుకోని ఈ పెద్దమనిషిని కూడా ఒక్కసారి తలచుకోవాలని సభ్యులకు నా మనవి.