డాక్టర్ మైనర్ చీటీలు

లైబ్రరీలో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు తిరగేసే మిత్రుల్లో డాక్టర్ విలియం చెస్టర్ మైనర్ పేరు విన్నవారు తక్కువ. 1834లో సింహళంలో పుట్టిన ఈ అమెరికన్, యేల్‌లో వైద్యం చదివి, అంతర్యుద్ధంలో సైనిక వైద్యుడుగా పనిచేశాడు. తర్వాత మనసు చెదిరింది. 1872లో లండన్‌లో, ఎవరో తన మీదికి వచ్చారన్న భ్రమతో, పనికి పోతున్న ఓ అమాయక కూలీని కాల్చి చంపాడు. మతిస్థిమితం లేదని తేలడంతో బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో ఉంచారు.

రాత్రిళ్లు నేల కింద నుంచి మనుషులొచ్చి హింసిస్తున్నారని తెల్లారేసరికి ఫిర్యాదు చేసేవాడు. అది భ్రమంటే ఒప్పుకునేవాడు కాదు. అదే మనిషి పగలు పాత పుస్తకాలు చదివి, ఏ మాట ఎక్కడెలా వాడారో చీటీల మీద రాసి, సంపాదకుడు జేమ్స్ మరేకి ఏళ్ల తరబడి వేలకొద్దీ పంపాడు. చేసిన హత్యకు కుమిలిపోయి, హతుడి భార్యకు డబ్బు సాయం చేశాడు.

1910లో స్వదేశం చేరి, 1920లో కన్నుమూశాడు. ఆయన జబ్బును ఇప్పుడు స్కిజోఫ్రీనియా అంటున్నాం. తన జబ్బు తనకు తెలియకపోవడం మొండితనం కాదు, చాలామందిలో అది జబ్బులో భాగమే. అంతమాత్రాన మనిషంతా పోయినట్టు కాదు. ఎవరినైనా పిచ్చివాడని నవ్వబోయే ముందు ఆ చీటీలు గుర్తు చేసుకుందాం.