చీమలకు ఇల్లు కట్టిన మహాశయుడు: సర్ జాన్ లబ్బక్

తినుబండారాలు దాచే అలమార కాళ్ల క్రింద నీళ్ల గిన్నెలు పెట్టే అలవాటు మన ఇండ్లలో నేటికీ అక్కడక్కడ కనిపిస్తుంది. చీమ నీటిని దాటి రాలేదు గనుక బెల్లమూ, నెయ్యీ భద్రంగా ఉంటాయి. సుమారు నూట యాభై సంవత్సరాల క్రితం ఆంగ్లదేశంలో ఒక పెద్దమనిషి ఇదే ఉపాయాన్ని తలక్రిందులు చేసి వాడుకున్నారు. చీమలు లోపలికి రాకుండా కాదు, బయటికి పోకుండా నీటిని అడ్డుపెట్టి, తన సొంత గదిలో ముప్పై నలభై చీమల కుటుంబాలను ఏళ్ల తరబడి పోషించారు. ఆయన వృత్తిరీత్యా శాస్త్రజ్ఞులు కారు, బ్యాంకు నడిపేవారు. ఏ విశ్వవిద్యాలయంలోనూ విద్యార్థిగా చేరి చదివినవారూ కారు. ఆయనే సర్ జాన్ లబ్బక్.

మన విద్యార్థులలో ప్రాణిశాస్త్రం చదివేవారు సీసాలో నిలవ ఉంచిన కప్పనూ, పళ్లెంలో కోసి పరచిన బొద్దింకనూ చక్కగా ఎరుగుదురు. బ్రతికి తిరుగుతున్న ఒక ప్రాణిని నెల రోజులు విడువక గమనించినవారు ఎందరని అడిగితే జవాబు చెప్పడానికి మాకు కొంత సంకోచం కలుగుతుంది. లబ్బక్ జీవితాన్ని ఈ పుటలలో స్మరించడానికి అదే కారణం.

ఆయన 1834 ఏప్రిల్ 30న లండన్‌లో జన్మించారు. తండ్రి బ్యాంకు యజమాని, గణితంలోనూ ఖగోళశాస్త్రంలోనూ పండితుడు. 1842లో ఒకనాడు తండ్రి ఇంటికి వచ్చి గొప్ప శుభవార్త తెచ్చానన్నప్పుడు, ఎనిమిదేళ్ల బాలుడు తనకు చిన్న గుర్రాన్ని కొనిపెడుతున్నారని ఆశపడ్డాడట. తీరా విన్న వార్త ఏమంటే, చార్లెస్ డార్విన్ అనే ఆయన తమ పొరుగున ఉన్న డౌన్ గ్రామానికి కాపురం వస్తున్నారని! బాలుడు ఉసూరుమన్నాడు. గుర్రం వచ్చి ఉంటే నాలుగేళ్లు స్వారీ చేసేవాడు, అంతే. ఆ పొరుగింటి మనిషి మూలంగా ఆయన జీవితమే మారిపోయింది. డార్విన్ చెప్పగా తండ్రి కుమారునికి సూక్ష్మదర్శిని కొనిపెట్టారు. తన పరిశోధనలకు కావలసిన చిత్రాలను డార్విన్ ఈ కుర్రవానిచేత గీయించుకునేవారు. ఈటన్ పాఠశాలలో చేరిన లబ్బక్‌ను తండ్రి పద్నాలుగో ఏటనే చదువు మాన్పించి బ్యాంకులో కూర్చోబెట్టారు. అంతటితో బడి చదువు ముగిసింది. విద్య ముగియలేదు. ఇరవై నాలుగో ఏట, 1858లో, ఆయన రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1882లో డార్విన్ మరణించినప్పుడు వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన శవపేటిక వెంట నడిచినవారిలో లబ్బక్ ఒకరు.

ఆయన చేసిన ఇతర కార్యాలను క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాము. చరిత్ర తరగతిలో మనం వల్లించే పాత రాతియుగం, కొత్త రాతియుగం అనే విభజనకు ఆంగ్లంలో పేర్లు పెట్టినవారు ఆయనే, అది 1865లో. 1870లో పార్లమెంటు సభ్యులై, మరుసటి సంవత్సరమే బ్యాంకు సెలవుల చట్టాన్ని నెగ్గించారు. అంతవరకూ ఇటువంటి విశ్రాంతి దినాలు చట్టరీత్యా ఎరుగని గుమాస్తాలు ఆ సెలవును లబ్బక్ పేరుమీద పండుగగా పిలుచుకున్నారు. శ్రామికుల కళాశాలకు అధ్యక్షులుగా ఉండి, చదువదగిన నూరు గ్రంథాల పట్టిక ఒకటి 1886లో ప్రకటించారు. అందులో రామాయణ మహాభారతాలూ, కాళిదాసు శాకుంతలమూ, ఖురానూ, ఫిర్దౌసీ షాహ్‌నామా కూడా చోటుచేసుకున్నాయి. ఉర్దూ తెలుగు రెండూ ఒకే అట్ట మధ్య చదువుకునే మన పాఠకులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పదగినది. సులేమాన్ ప్రవక్త చీమల లోయను దాటిన వృత్తాంతం గల అధ్యాయానికి ఖురానులో చీమ పేరే ఉన్నదని మనలో చాలామంది ఎరుగుదురు.

ఇక చీమల సంగతి. వాటిని పెంచదలచినవారికి మొదట ఎదురయ్యే చిక్కు ఏమంటే, మట్టి పోస్తే అవి కనిపించవు, మట్టి లేకపోతే అవి బ్రతకవు. లబ్బక్ ఈ చిక్కును అతి చౌకగా విడదీశారు. సుమారు పది అంగుళాల పొడవు వెడల్పులు గల మామూలు కిటికీ అద్దాలు రెండు తీసుకున్నారు. అంచుల వెంట సన్నని కర్రపట్టీలు పెట్టి, ఒక అద్దంపై మరొకటి బోర్లించారు. మధ్య ఖాళీ అంగుళంలో పదో వంతు మొదలు నాలుగో వంతు వరకు మాత్రమే. అది చీమల పరిమాణాన్ని బట్టి మారేది. చీమ హాయిగా కదలాలి గానీ మట్టి వెనుక దాగడానికి చోటుండకూడదు. కిటుకంతా ఆ సందులోనే ఉన్నది. అందులో మెత్తని మట్టి నింపి, ఒక మూల చిన్న ద్వారం విడిచారు. చీమలకు వెలుతురు గిట్టదు గనుక చూడనప్పుడు అద్దంపై మూత కప్పి ఉంచేవారు. మట్టి ఎండిపోకుండా తడి చూసేవారు. ఇటువంటి అరలను ఒక స్తంభానికి అంతస్తులుగా అమర్చి, చుట్టూ నీటి కందకం ఏర్పరచారు. నీరు ఆవిరైపోతుండడం వల్ల కొన్నిచోట్ల వెంట్రుకలు క్రిందికి వంగి ఉండే బొచ్చుతోలు పట్టీని కట్టి చూశారు. ఏ చీమ ఏదో గుర్తుండడానికి వీపుపై రంగు చుక్క పెట్టేవారు.

ఈ అద్దాల ఇల్లు చేతికి వచ్చిన తరువాత ఆయన ఒక్కొక్క ప్రశ్నే అడగసాగారు. చీమలు ఎంతసేపు పనిచేస్తాయి? ఉదయం ఆరు గంటలకు పని మొదలుపెట్టిన ఒక చీమ రాత్రి పావు తక్కువ పదింటివరకు ఆగకుండా 187 పిల్లపురుగులను గూటికి చేరవేసింది. దుకాణాలలో పనిచేసే పిల్లల పనిగంటలకు హద్దు పెట్టాలని పోరాడి 1886లో చట్టం తెప్పించినవారు ఈ లెక్క వ్రాసుకున్నప్పుడు ఏమనుకున్నారో! గూటికి ఆహారం తెచ్చేవి అన్ని చీమలా, కొన్నేనా? దీనికోసం ఆయనా, ఆయన కుమార్తెలూ, వారికి చదువు చెప్పే ఉపాధ్యాయినీ వంతులు వేసుకుని గంట గంటకూ చూశారు. కొద్ది చీమలే దినదినమూ వచ్చేవి. వాటిని పట్టి బంధిస్తే, వాటి స్థానంలో మరికొన్ని బయలుదేరేవి.

చీమకు రంగులు తెలియునా? అద్దంపై రంగురంగుల గాజు ముక్కలు పరిస్తే, చీమలు ఎర్ర గాజు క్రింద గుమికూడి, ఊదా గాజు క్రిందినుండి తొలగిపోయాయి. అంతటితో ఊరుకోక, కాంతిని పట్టకం గుండా విడదీసి వాటిమీద ప్రసరింపజేశారు. ఊదా రంగుకు అవతల, మన కంటికి చీకటిగానే తోచే చోటినుండి కూడా చీమలు తమ పిల్లలను మోసుకుపోయాయి. మనం చూడలేని అతినీలలోహిత కిరణాలను చీమ గ్రహిస్తుందని ఆ విధంగా ఒక బ్యాంకు యజమాని లోకానికి తెలియజేశారు.

వినికిడి విషయంలో మాత్రం చీమలు ఆయనకు జవాబు చెప్పలేదు. వయొలిన్ వాయించారు, ఈలలు వేశారు, గట్టిగా అరిచారు. ఒక్క మీసమూ కదలలేదు. చీమ చిటుక్కుమన్నా వినబడే నిశ్శబ్దం గురించి మనం మాట్లాడుతుంటాము గానీ, మన చప్పుడు చీమకు పట్టలేదు. అయినా చీమ చెవిటిదని ఆయన తీర్పు చెప్పలేదు; మన చెవికి అందని శబ్దాలను అవి వింటున్నాయేమోనని తలుపు తెరిచి ఉంచారు. అనేక జాతుల చీమలు దేహభాగాలను రాపాడించి సన్నని ధ్వని చేస్తాయనీ, నేలగుండా వచ్చే ప్రకంపనను కాళ్లతో గ్రహిస్తాయనీ తరువాతివారు కనుగొన్నారు. అంటే చీమ నిజంగానే చిటుక్కుమంటుంది.

మా దృష్టిలో లబ్బక్ గొప్పతనం మరొకచోట ఉన్నది. చీమలు దయగలవనీ, ఆపదలో పరస్పరం ఆదుకుంటాయనీ అంతకుముందు ఎందరో ఇంపుగా వ్రాశారు. ఆయనకూ చీమలంటే ప్రేమే. కానీ ప్రేమించినవారి గుణాలను పెంచి చెప్పే అలవాటు ఆయనకు లేదు. తేనెలో చిక్కుకున్న చీమ ప్రక్కనుండే తోటి చీమలు తలతిప్పక పోవడం చూసి, అట్లే వ్రాశారు. కొన్నిటిని మత్తులో ముంచి గూటి దగ్గర ఉంచితే, సొంత గూటివాటిలో ఎక్కువ భాగాన్ని ఇంటికి మోసుకుపోయాయి, పరాయివాటిలో ఎక్కువ భాగాన్ని నీటిలో పడవేశాయి. ఏడాది తొమ్మిది నెలలు వేరుపడి తిరిగివచ్చిన చీమను కూడా సొంత గూటివారు తమదిగా గుర్తుపట్టారు. మీసాలు లేకుండా పుట్టిన ఒక అంగవిహీన చీమను శత్రువులు గాయపరిస్తే, ఒక తోటి చీమ దానిని పరిశీలించి మెల్లగా ఎత్తుకుని ఇంటికి తీసుకుపోయింది. దానినీ వ్రాశారు. రెండు పక్షాల సాక్ష్యాన్నీ ఒకే సిరాతో వ్రాసినవారు అరుదు.

ఆయన పెంచిన చీమలలో ఒక రాణి చరిత్ర విడిగా చెప్పదగినది. 1874 డిసెంబరులో గూటినుండి తెచ్చిన నల్ల జాతి రాణులు రెండింటిలో ఒకటి 1887లోనూ, రెండవది 1888 ఆగస్టులోనూ మరణించాయి. రెండవదానికి అప్పటికి సుమారు పదిహేనేళ్లు. చీమ ఒక్క సంవత్సరం బ్రతుకుతుందని నమ్మినవారికి ఇది వింత. (తరువాత మరొకరు పెంచిన మరొక జాతి రాణి 28 ఏళ్లు దాటి బ్రతికింది.) ఆలోచించి చూడండి: ఈ పదమూడు సంవత్సరాల పైచిలుకు ఆ అద్దాల మధ్య మట్టి ఒక్కసారి పూర్తిగా ఎండినా, నెల రోజులు ఎవరూ తలచుకోకపోయినా, ఈ సంగతి లోకానికి తెలిసేది కాదు. ఆ సంవత్సరాలలోనే ఆయన బ్యాంకు నడిపారు, ఎన్నికలలో నిలిచారు, గ్రంథాలు వ్రాశారు. 1882లో వెలువడిన చీమలు, తేనెటీగలు, కందిరీగల గ్రంథం అనేక ముద్రణలు పొందింది.

1900లో ఆయనకు ఏవ్‌బరీ ప్రభువనే బిరుదు లభించింది. ఏవ్‌బరీ అనేది ప్రాచీన శిలావలయం గల గ్రామం; ఇండ్ల నిర్మాణానికి బలికానున్న ఆ స్థలంలో కొంత భాగాన్ని ఆయన సొంత ధనంతో కొని కాపాడారు. 1913 మే 28న కెంట్ తీరంలోని తన గృహంలో కన్నుమూశారు.

మన దేశపు చీమలను గమనించినవారూ లేకపోలేదు. సైక్స్ 1829 ప్రాంతంలో పూనాలో ధాన్యం దాచే చీమలను చూశారు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డన్ 1851లో దక్షిణ భారతపు చీమల పట్టిక ప్రకటించారు. కడప జిల్లాలో 1986లో తిరిగి కనబడిన కలివికోడికి ఆంగ్లంలో ఆయన పేరే ఉన్నది. ఆ పట్టికలో ఆయన వర్ణించిన గెంతుడు చీమ నేడు దేశదేశాల ప్రయోగశాలలలో పెరుగుతున్నది. దాని గూటిలో రాణి మరణిస్తే పనిచీమలు మీసాలతో పోటీపడి, గెలిచినవి తామే గ్రుడ్లు పెట్టసాగుతాయి. వాటి మెదడు సుమారు ఐదో వంతు కుంచించుకుపోతుంది. వాటిని తిరిగి పనిచీమలుగా మారిస్తే మెదడు మళ్లీ పెరుగుతుందని 2021లో తేలింది. లబ్బక్ చూసి ఉంటే ఎంత సంతోషించేవారో!

వరంగల్ విద్యార్థి ఈ పని మొదలుపెట్టడానికి తొలకరి వానలు మంచి అదను. అయితే దీపం చుట్టూ ముసిరే ఉసిళ్లను చూసి చీమలనుకోరాదు. అవి చెదల సంతతి. చెదలు చీమలకంటె బొద్దింకలకే దగ్గర చుట్టాలు. మనం పుట్ట అని పిలిచే పెద్ద మట్టిదిబ్బ కూడా చెదలు కట్టినదే. వాన వెలసిన తరువాత రెక్కలు రాల్చుకుని, బలిసిన వీపుతో నేలమీద ఒంటరిగా తిరిగే పెద్ద గండుచీమ దొరికితే అది రాణి. కుట్టే చిన్న ఎర్రచీమలనూ, మామిడి ఆకులు కుట్టి గూడు కట్టేవాటినీ మొదటివారు ముట్టకుండుట మేలు.

పరీక్షనాళికలో మూడో వంతు నీరు పోసి, నీటికి ఆనుకునేట్లు దూదిని బిగించి, తడి దూదికి ఇవతల రాణిని విడిచి, మూతికి మరొక దూది ఉండ పెట్టాలి. తరువాత దానిని చీకటిలో, కదిలించకుండా ఉంచాలి. ఆహారం పెట్టనక్కరలేదు; ఇక పనిలేని రెక్కల కండరాలనే కరిగించుకుని ఆమె తొలి బిడ్డలను సాకుతుంది. నెల రోజుల పైచిలుకు గడిచాక తొలి పనిచీమలు బయటపడతాయి. అవి సాధారణంకంటె చిన్నవిగా ఉంటాయి. అప్పుడు చక్కెర నీటి చుక్క, చచ్చిన ఈగ ముక్క చాలు. సంతతి ఇరవై ముప్పై అయిన తరువాత అద్దాల ఇల్లు కట్టవచ్చును. పటాలు కట్టే దుకాణంలో అద్దపు ముక్కలు దొరుకుతాయి. మట్టికి మన చెల్క నేలలే ఉన్నాయి, జల్లించి వాడుకోవాలి. కందకానికి పళ్లెంలో నీరు పోస్తే మన వేసవిలో త్వరగా ఇంకిపోతుంది గనుక ఉదయమూ సాయంత్రమూ చూసుకోవాలి. ప్రక్కన ఒక నోటు పుస్తకం ఉంచి, తొలి గ్రుడ్డు కనబడిన తేదీతో మొదలుపెట్టి వ్రాస్తూ పోవాలి. అటువంటి పుస్తకాన్ని ఎవరైనా తెచ్చి ఇస్తే వచ్చే సంచికలో దానికి చోటు కేటాయించడానికి మేము సిద్ధంగా ఉన్నాము.