స్వరసాధకుడు ఘంటసాల

కళాకారుని కీర్తి అందరికీ కనిపిస్తుంది. ఆ కీర్తికి ముందు అతడు గడిపిన నిరీక్షణ కొందరికే తెలుస్తుంది. తెలుగు చలనచిత్ర సంగీతానికి చిరస్మరణీయమైన సేవ చేసిన ఘంటసాల వేంకటేశ్వరరావు జీవితంలో అటువంటి నిరీక్షణ దాదాపు పదిహేనేళ్లపాటు సాగింది. సంగీతం చేతికందినట్లే అంది అనేక పర్యాయాలు దూరమైంది. దూరమైన ప్రతిసారీ ఆయన దానిని వెదుక్కుంటూ తిరిగి వెళ్లారు.

ఘంటసాల 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా గుడివాడ సమీపంలోని చౌటపల్లి గ్రామంలో జన్మించారు. తల్లి రత్తమ్మ, తండ్రి సూర్యనారాయణ. తండ్రి మృదంగం వాయించేవారు, భజనలు చేసేవారు. కుమారుణ్ణి భుజాలపై ఎక్కించుకొని భజన గోష్ఠులకు తీసుకువెళ్లేవారు. తండ్రి తరంగాలు పాడుతుంటే బాలుడు నాట్యం చేసేవాడు. తన కుమారుడు గొప్ప సంగీత విద్వాంసుడు కావాలన్నది ఆ తండ్రి కోరిక. అవసానదశలో ఆ కోరికనే కుమారునికి అప్పగించి ఆయన కన్నుమూశారు. అప్పటికి ఘంటసాలకు పదకొండేళ్లు. కుటుంబ భారం మేనమామపై పడింది. పూట గడవడమే కష్టమైన ఆ ఇంట సంగీత విద్య వెనుకబడిపోయింది.

కొంతకాలానికి ఒక ఉత్సవ సందర్భంలో విద్వాంసులతో పోటీపడి పాడబోయి ఘంటసాల నవ్వులపాలయ్యారు. ఆ అవమానం తండ్రి కోరికను గుర్తుచేసింది. శాస్త్రం నేర్వని గాత్రం సభకు నిలువదని ఆయన గ్రహించారు. విద్య నేర్చుకోవాలన్న పట్టుదలతో కొందరు సంగీతజ్ఞుల ఇళ్లలో పనిపాటలు చేశారు. చాకిరీయే మిగిలింది గాని ఆశించిన విద్య అందలేదు. చివరకు చేతి ఉంగరం అమ్మి, ఇంటివారికి చెప్పకుండా విజయనగరం ప్రయాణమయ్యారు.

విజయనగరం సంగీత కళాశాలకు నాడు ద్వారం వేంకటస్వామినాయుడు అధ్యక్షులు. ఘంటసాల చేరుకొనేసరికి కళాశాలకు సెలవులు. ఊరుగాని ఊరిలో నిలువ నీడ లేని ఆ యువకుణ్ణి పట్రాయని సీతారామశాస్త్రి చేరదీశారు. శాస్త్రిగారు సంపన్నులు కారు. అయినా ప్రతిఫలం ఆశించకుండా సంగీతం నేర్పారు. శిష్యుడు భుజాన జోలె వేసుకొని ఇంటింటా మధుకరం ఎత్తి కడుపు నింపుకొంటూ సాధన సాగించాడు. పిదప కళాశాలలో చేరి విద్య పూర్తిచేశాడు. ఆ వీధుల మెతుకుల రుణాన్ని, గురువుగారి రుణాన్ని ఘంటసాల జీవితాంతం మరువలేదు.

విద్య ముగించుకొని స్వగ్రామానికి చేరి కచేరీలు చేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతున్న రోజులలో దేశం ఆయనను పిలిచింది. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొన్నందుకు బళ్లారి సమీపంలోని అలీపురం కారాగారంలో సుమారు పదునెనిమిది నెలలు శిక్ష అనుభవించారు. అప్పుడప్పుడే గాడిన పడుతున్న సంగీత జీవితం మళ్లీ ఆగిపోయింది.

విడుదలైన తరువాత 1944లో సావిత్రితో ఆయన వివాహం జరిగింది. ఆ రోజులలోనే ప్రసిద్ధ సినీ రచయిత సముద్రాల రాఘవాచార్యులతో ఏర్పడిన పరిచయం ఆయనను మద్రాసుకు చేర్చింది. అక్కడా తలుపులు వెంటనే తెరుచుకోలేదు. ఒక గ్రామఫోను సంస్థ ఆయన గొంతును తొలుత నిరాకరించింది. ఇతరులకు భారం కాకూడదని పానగల్ పార్కులో కాలం గడిపిన రోజులున్నాయి. బృందగానంలో పాడుతూ, చిన్నచిన్న వేషాలు వేస్తూ, ఆకాశవాణిలో లలిత గీతాలు ఆలపిస్తూ అవకాశం కోసం వేచి ఉన్నారు. 1945లో విడుదలైన ‘స్వర్గసీమ’లో భానుమతితో కలిసి పాడిన పాట నేపథ్య గాయకునిగా ఆయనకు గుర్తింపు తెచ్చింది.

అయితే బాణీ కట్టే స్వేచ్ఛ వేరు. ఒకరు కూర్చిన స్వరాన్ని అందంగా పలకడం గాయకుని పని. సన్నివేశాన్ని, పాత్ర స్వభావాన్ని, కవి మాటను ఆకళించుకొని వాటికి తగిన రాగాన్ని వెదకడం స్వరకర్త పని. ఆ పనిని ఘంటసాల ఓపికతో నేర్చుకున్నారు. 1948లో ‘రత్నమాల’, ‘బాలరాజు’ చిత్రాలకు ఇతర సంగీత దర్శకులతో కలిసి పనిచేశారు. 1949లో ‘కీలుగుర్రం’తో స్వతంత్ర సంగీత దర్శకులయ్యారు. అదే ఏడాది ‘మనదేశం’ వెలువడింది. తండ్రి అప్పగించిన కోరిక ఆయన ఊహించని రూపంలో, వెండితెర మీద ఫలించింది.

తరువాతి కాలం ఆయనది. ‘షావుకారు’, ‘పాతాళభైరవి’, ‘పెళ్లిచేసి చూడు’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’, ‘లవకుశ’ వంటి చిత్రాలకు ఆయన కూర్చిన సంగీతం తెలుగువారి నిత్యజీవితంలో భాగమైంది. శాస్త్రీయ రాగాలను పామరులు సైతం పాడుకోగల బాణీలుగా మలచడం ఆయన ప్రత్యేకత. ‘మాయాబజార్’లో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. తాను కట్టని ఆ బాణీలకు కూడా ఆయన సమాన శ్రద్ధతో వాద్యగోష్ఠిని సమకూర్చారు. నాటకరంగంలో దీర్ఘాలాపనలతో సాగే పద్యాన్ని క్లుప్తపరచి, ప్రతి మాటకూ స్పష్టతనిచ్చి, భావం చెడకుండా తెరకు తగినట్లు తీర్చారు. నేటికీ పద్యం పాడబోయేవారికి ఆ ఫణితి మార్గదర్శకం.

1970లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 1971లో ఐరోపా, అమెరికాలలో పర్యటించి కచేరీలు చేశారు. ఆరోగ్యం క్షీణించిన చివరి దశలో భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న, యాభై ఒక్క ఏళ్ల వయసులో కన్నుమూశారు. 2003లో ఆయన స్మృతిచిహ్నంగా తపాలా బిళ్ల వెలువడింది. విజయవాడలోని ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఆయన పేరు ధరించింది.

పేదరికం, పరాభవం, కారాగారం ఘంటసాల సాధనను ఆలస్యం చేశాయి గాని ఆపలేకపోయాయి. పైగా ఆ అనుభవాలే ఆయన స్వరానికి ఆర్ద్రతనిచ్చాయి. లక్ష్యం దూరమైనంత మాత్రాన అది చేజారినట్లు కాదని, విడిచిన చోటి నుండే మళ్లీ మొదలుపెట్టగల మనోధైర్యమే సాధకునికి పెట్టుబడి అని ఆయన జీవితం నిరూపిస్తున్నది.